మంచు ఎన్నాళ్లు నిలిచింది?

(ప్రపంచ పర్యావరణ దినోత్సవం సందర్భంగా జూన్ 8, 2025 ఆదివారం జంషెడ్‌పూర్ అగ్రికోలో జరిగిన మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో కూర్చున్న పిల్లలు సమోసాల బల్ల వైపే చూస్తున్నారు. నన్ను ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. సమోసాలు చల్లారకముందే ముగిస్తాను.

ఈరోజు నేను మాట్లాడబోయేది కొండల మీది మంచు గురించి. ఈ మాట చెప్పగానే మా ఆవిడ నవ్వింది. "జూన్ నెలలో, జంషెడ్‌పూర్‌లో, కూలర్ కూడా వేడిగాలి కొడుతుంటే మంచు గురించా?" అంది. నిజమే. ఈ ఊళ్లో మంచు ఎప్పుడూ పడలేదు. మన సువర్ణరేఖలో మంచు నీటి చుక్క ఒక్కటి కూడా లేదు. అది రాంచీ దగ్గర పుట్టి, వాన నీటితోనే బతికి, బంగాళాఖాతంలో కలిసే నది. మన పెద్దల ఊళ్ల వైపు పారే గోదావరి, కృష్ణ, వంశధార, నాగావళి కూడా అంతే. మరి మంచుతో మనకేం పని? ఇరవై నిమిషాల్లో చెప్పాల్సింది అదే.

ముందు ఈ కాలనీ పేరుతో మొదలుపెడతాను. అగ్రికో అంటే ఏమిటో పిల్లల్లో ఎంతమందికి తెలుసు? వ్యవసాయ పనిముట్లు తయారుచేసే కంపెనీ పేరు అది. పారలు, గునపాలు, గొడ్డళ్లు. మా తాతగారు పలాస దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ కార్ఖానాలో చేరారు. సెలవుకి ఊరెళ్తే బంధువులు బట్టలు అడిగేవారు కాదట, "అగ్రికో పార తెచ్చావా?" అని అడిగేవారట. నేను ఈ కాలనీ వీధుల్లోనే సైకిల్ నేర్చుకున్నాను. తర్వాత ఎంబీఏ చేసి బ్యాంకులో చేరాను. బదిలీల మీద తిరుగుతూ ఒకసారి హిమాచల్ ప్రదేశ్‌లో, ఆపిల్ తోటల మధ్య ఉన్న ఒక చిన్న బ్రాంచిలో మూడేళ్లు పనిచేశాను. మంచు గురించి నాకు తెలిసిన మొదటి పాఠం అక్కడిదే. అది నేను చేసిన ఒక తప్పు నుంచి నేర్చుకున్న పాఠం.

మంచు అన్న ఒక్క మాట

మన తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే బొట్టు మంచే. రైళ్లను ఆలస్యం చేసే పొగ మంచే. ఫ్రిజ్‌లో గడ్డ మంచే. హిమాలయం మీద తెల్లగా కనిపించేదీ మంచే. మనకి పెద్దగా అవసరం లేదు కాబట్టి ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. కొండవాళ్లకు అలా కుదరదు. వాళ్ల బతుకు ఆ తేడాల మీదే ఆధారపడి ఉంటుంది.

మనకి ఈరోజు రెండు తేడాలు తెలిస్తే చాలు. ఒకటి, చలికాలంలో ఆకాశం నుంచి రాలి, నేలను దుప్పటిలా కప్పి, వేసవికి కరిగిపోయే మంచు. రెండోది, అలా పడిన మంచు చాలా ఎత్తులో కరగకుండా ఏళ్ల తరబడి పేరుకుని, గడ్డకట్టి, తన బరువుకి తానే మెల్లగా కిందికి జారే హిమానీనదం.

మనం బ్యాంకు మనుషులం కాబట్టి మన భాషలో చెప్తాను. వాన అంటే చేతికొచ్చిన నగదు. వచ్చిన రోజే సగం ఖర్చయిపోతుంది. మంచు దుప్పటి అంటే సేవింగ్స్ ఖాతా. డిసెంబరు నుంచి మార్చి దాకా జమ అవుతుంది, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, సరిగ్గా వాన లేని నెలల్లో, కొంచెం కొంచెంగా తీసుకోవచ్చు. హిమానీనదం అంటే ముత్తాతలు వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్. సేవింగ్స్‌లో డబ్బు లేని ఏడాది అదే ఆదుకుంటుంది. సేవింగ్స్ ఖాతా ఏటేటా ఖాళీ అవుతుంటే ఇంట్లోవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. ఎఫ్‌డీ విరుస్తారు.

ఎర్ర గుడ్డ బహీ

ఇక నా తప్పు. మా బ్రాంచికి ఒక రైతు వచ్చేవారు. అప్పటికే అరవై దాటినవారు. కొండ కింది వాలులో ఆయనకు పాత ఆపిల్ తోట ఉంది. దానికి బాగా పైన మరో చెక్క ఖాళీ నేల ఉంది. కింది తోట కాపు తగ్గిపోతోంది, పైన కొత్త మొక్కలు వేసుకుంటాను, టర్మ్ లోన్ ఇవ్వండి అని అడిగారు. పొలం చూడటానికి వెళ్లాను. ఆయన చేతిలో పార మీద మన అగ్రికో ముద్ర ఉంది. "నేను ఆ ఊరివాణ్ణే" అన్నాను. ఆయన ఎంత సంబరపడ్డారో! టీ ఇచ్చారు, వాల్‌నట్లు పెట్టారు.

అయినా అప్పు విషయంలో నేను లెక్కల మనిషినే. ఫైల్లో ఏముంది? గత మూడు సీజన్ల అమ్మకాలు. మూడూ దిగజారుతున్నాయి. పక్క గ్రామంలో, ఇంకాస్త ఎత్తులో ఉన్న రైతులకు కాపు బాగుంది. అప్రైజల్ నోటులో నేను రాసిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తు: తోట నిర్వహణలో లోపం, తిరిగి చెల్లించే సామర్థ్యం సందేహాస్పదం. దరఖాస్తు తిరస్కరించాం. రూలు ప్రకారం ఎక్కడా తప్పు లేదు.

తిరస్కరించే ముందు ఆయన మరోసారి వచ్చారు. చంకలో ఎర్ర గుడ్డ చుట్టిన బహీ ఒకటి ఉంది. మన పాత కిరాణా కొట్లలో ఉండే పొడుగు ఖాతా పుస్తకం లాంటిది. దాన్ని వాళ్ల నాన్నగారు మొదలుపెట్టారు. కూలీల లెక్కలు, పెట్టెల లెక్కలు, వాటి పక్కనే ప్రతి ఏడూ రెండు తేదీలు. తోటలో మొదటి మంచు నిలిచిన రోజు, మళ్లీ నల్లటి నేల కనిపించిన రోజు. ఎంత లోతు పడిందని కాదు, ఎన్నాళ్లు నిలిచిందని రాసుకున్నారు. ఆయన వేలితో చూపిస్తూ, "చూడండి సాబ్, నాన్న రోజుల్లో డిసెంబరులో వచ్చి మార్చి దాకా ఉండేది. ఇప్పుడు జనవరి చివర్లో వస్తుంది, పది రోజుల్లో పోతుంది. చెట్టుకి నిద్ర సరిపోవడం లేదు" అన్నారు.

చెట్టుకి నిద్ర అనేది కవిత్వం కాదు. పాత రకాల ఆపిల్ చెట్టు చలికాలంలో 7 డిగ్రీల లోపు చలిలో వెయ్యి గంటలకు పైగా గడిపితే గానీ వసంతంలో సరిగా పూయదు. పైగా మంచు దుప్పటి కింద నేల మెల్లగా నీళ్లు తాగుతుంది. అదే నీరు వానగా పడితే వాలు మీద జారిపోతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆరోజు నేను బహీని రెండు పేజీలు తిప్పి, మర్యాదగా వెనక్కి ఇచ్చి, "ఇది కాదు బాబూజీ, వాల్యుయేషన్ రిపోర్టు కావాలి" అన్నాను.

పైనుంచి చూసిన లెక్క

ఇప్పుడు ఆ కొండ దిగి ప్రపంచాన్ని చూద్దాం. ఉత్తరార్ధగోళంలో నేల మీద మంచు ఎంత మేర పరుచుకుందో 1966 నుంచి ఉపగ్రహాలు చూస్తున్నాయి. అంత పొడుగైన ఉపగ్రహ రికార్డు వాతావరణ శాస్త్రంలో మరొకటి దొరకడం కష్టం. ఆ పాస్‌బుక్‌లో స్పష్టంగా కనిపించేది ఏమిటంటే, వసంతంలోనూ వేసవి మొదట్లోనూ మంచు తగ్గుతూ వస్తోంది. చలికాలంలో మంచు పడటం ఆగలేదు. కొన్ని ఏళ్లు బాగానే పడుతోంది కూడా. కానీ తొందరగా వెళ్లిపోతోంది.

వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం, అదే ఐపీసీసీ, 2019లో సముద్రాలు, మంచు మీద ఒక ప్రత్యేక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలోని పర్వతాల్లో దాదాపు అన్నిచోట్లా మంచు నేల మీద నిలిచే కాలం తగ్గిందనీ, ముఖ్యంగా తక్కువ ఎత్తుల్లో తగ్గిందనీ, సగటున పదేళ్లకు 5 రోజుల చొప్పున తగ్గుతోందనీ అందులో ఉంది. పదేళ్లకు ఐదు రోజులేగా అనిపిస్తుంది. నలభై ఏళ్లకు ఇరవై రోజులు. తోట కింది వాలులో ఉన్నవాడికి ఇంకా ఎక్కువ.

మన హిమాలయాల సంగతి. కాఠ్‌మాండూలో ఐసీఐఎంఓడీ అనే సంస్థ ఉంది. అఫ్గానిస్థాన్ నుంచి మయన్మార్ దాకా ఉన్న ఎనిమిది దేశాలు కలిసి నడుపుకొనే పర్వత పరిశోధన కేంద్రం అది. మొన్న ఏప్రిల్‌లో వాళ్లు ఈ ఏటి మంచు నివేదిక విడుదల చేశారు. ఇక్కడ 23 అనే అంకె మూడుసార్లు వస్తుంది, తికమకపడకండి. హిందూకుష్ హిమాలయాల నుంచి పుట్టే 12 పెద్ద నదుల్లో ఏడాది ప్రవాహంలో సగటున 23 శాతం మంచు కరిగిన నీరే. మొన్నటి చలికాలంలో అక్కడ మంచు నిలిచిన కాలం మామూలు కంటే 23.6 శాతం తక్కువ. ఇది గత 23 ఏళ్లలోకెల్లా తక్కువ. వరసగా మూడో ఏడాది ఇలా మామూలు కంటే తగ్గింది.

ఆ నివేదికలో వాళ్లు కొలిచింది ఏమిటో గమనించండి. మంచు ఎంత లోతు పడిందని కాదు. పడిన తర్వాత నేల మీద ఎన్నాళ్లు నిలిచిందని. ఆ మాట చదివినప్పుడు నా చేతిలోని టీ కప్పు అలాగే ఆగిపోయింది. ఆకాశంలోంచి ఉపగ్రహం కొలుస్తున్నది, ఎర్ర గుడ్డ చుట్టిన ఆ బహీలో తండ్రీ కొడుకులు పెన్నుతో కొలిచిందే.

ఒక జాగ్రత్త మాట కూడా చెప్పాలి. వరసగా మూడేళ్లు తగ్గిందంటే అదే శాశ్వత మార్పు అని నేను అనను. అలా అంటే నేను మూడు సీజన్ల ఫైలు చూసి ఒక రైతును తప్పుపట్టినట్టే అవుతుంది. ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ, అది వాతావరణం. వాతావరణ శాస్త్రవేత్తలు సాధారణ స్థితి అని చెప్పడానికి 30 ఏళ్ల సగటు తీసుకుంటారు. అన్నిచోట్లా ఒకేలా కూడా లేదు. కారకోరం పర్వతాల్లో చాలా హిమానీనదాలు కొన్ని దశాబ్దాల పాటు పెద్దగా తగ్గకుండా నిలిచాయి. కానీ మొత్తం మీద చూస్తే ఎఫ్‌డీ కూడా విరుగుతోంది. హిందూకుష్ హిమాలయాల్లో 2011 నుంచి 2020 దాకా హిమానీనదాలు అంతకు ముందు పదేళ్ల కంటే 65 శాతం వేగంగా కరిగాయని అదే సంస్థ 2023లో చెప్పింది.

ఎందుకు తగ్గుతోంది

కారణాలు మూడు చెప్తాను.

మొదటిది వేడి. ఎత్తయిన పర్వతాల్లో గాలి పదేళ్లకు సుమారు 0.3 డిగ్రీల చొప్పున వేడెక్కుతోందని, ఇది ప్రపంచ సగటు కంటే ఎక్కువని ఐపీసీసీ చెప్తోంది. మంచుకీ వానకీ మధ్య గీత సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి కాస్త వేడెక్కినా, మంచుగా రాలాల్సింది వానగా కురుస్తుంది. మేఘం అదే, నీళ్లు అవే, కానీ సేవింగ్స్‌లో పడాల్సింది నగదుగా వచ్చి ఖర్చయిపోతుంది.

రెండోది తెలుపు. కొత్తగా పడిన మంచు తన మీద పడిన ఎండలో 80 నుంచి 90 శాతం వెనక్కి పంపేస్తుంది. అది కరిగి నల్లనేల బయటపడితే ఆ ఎండలో ఎక్కువ భాగాన్ని నేల మింగుతుంది. వేడెక్కుతుంది. పక్కనున్న మంచును కరిగిస్తుంది. అప్పు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ అన్నట్టు ఇది తనంతట తానే పెరుగుతుంది.

మూడోది మసి. ఉత్తర భారత మైదానాల్లో కట్టెల పొయ్యిలు, ఇటుక బట్టీలు, డీజిల్ బండ్లు, పొలాల్లో కాల్చే గడ్డి, వీటన్నిటి నుంచి లేచే నల్లటి పొడి గాలితో హిమాలయాల దాకా వెళ్లి మంచు మీద వాలుతుంది. ఎండాకాలం తెల్ల చొక్కా విప్పి నల్ల చొక్కా వేసుకున్నట్టు మంచు పరిస్థితి తయారవుతుంది.

వీటికి తోడు, హిమాలయాలకు చలికాలంలో మంచు తెచ్చేది మన నైరుతి రుతుపవనాలు కాదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు. అవి ఆలస్యంగా వస్తే, జనవరిలో పడాల్సిన మంచు మార్చిలో పడుతుంది. మార్చి మంచు మీద ఎండ గట్టిగా పడుతుంది, నిలవదు.

ధాత కరువు నుంచి ఒక ప్రశ్న

ఇప్పుడు మా ఆవిడ ప్రశ్నకి వస్తాను. సువర్ణరేఖకు మంచుతో ఏం పని?

మన పెద్దవాళ్లు ధాత కరువు గురించి చెప్పేవారు గుర్తుందా? ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలై రెండేళ్లకు పైగా దక్షిణ దేశాన్ని పట్టి పీడించిన కరువు. రాయలసీమలో లక్షల మంది చనిపోయారు. సరిగ్గా దానికి ముందు 1875లో మన భారత వాతావరణ శాఖ పుట్టింది. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్. రుతుపవనాలు ఎప్పుడు ముఖం చాటేస్తాయో ముందే కనిపెట్టగలమా అన్నది అప్పటి ప్రభుత్వం ముందున్న ప్రశ్న. ఆయన రికార్డులు తిరగేసి 1884లో ఒక విషయం ప్రకటించాడు. హిమాలయాల మీద మంచు ఎక్కువగా, ఆలస్యంగా పడిన ఏడు, ఆ తర్వాత వచ్చే వానలు మన మైదానాల్లో తక్కువగా ఉంటున్నాయి అని. 1886లో ఆ ఆధారంతోనే రుతుపవనాల మీద దీర్ఘకాలిక అంచనాలు ప్రకటించడం మొదలైంది. అంటే మన దేశంలో వానల జోస్యం మంచు లెక్కతో మొదలైంది!

దానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. రుతుపవనాలు రావాలంటే ఎండాకాలంలో ఆసియా నేల బాగా వేడెక్కాలి. మంచు దట్టంగా ఉంటే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది, మిగిలింది మంచును కరిగించడానికే సరిపోతుంది. నేల ఆలస్యంగా వేడెక్కుతుంది. సముద్రం మీది గాలిని లాగే బలం తగ్గుతుంది. 1976లో హాన్, శుక్లా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉపగ్రహాల లెక్కలతో యూరప్, ఆసియా మంచుకీ మన వానలకీ ఇలాంటి ఎదురు సంబంధమే చూపించారు.

ఇది విని మా రెండోవాడు అడిగాడు, "మరి మంచు తగ్గితే వానలు ఎక్కువ పడతాయిగా నాన్నా, మంచిదేగా?" అని. బ్యాంకు పరీక్షలో అడగదగ్గ ప్రశ్న. జవాబు ఏమిటంటే, మంచు ఒక్కటే వానను శాసించదు. పసిఫిక్ సముద్రంలో ఎల్ నినో ఉంది, హిందూ మహాసముద్రం వేడి ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. మంచుకీ వానకీ ఉన్న ఆ పాత సంబంధం కూడా ఇటీవలి దశాబ్దాల్లో సడలిందని పరిశోధకులు చూశారు. అంటే నూటనలభై ఏళ్ల కిందట పనికొచ్చిన సూత్రాన్ని ఇప్పుడు నమ్ముకోలేం. నాకు భయం వేసేది అక్కడే. మంచు తగ్గడం ఒక నష్టం. మంచు మీద ఆధారపడి మన పెద్దలు కట్టుకున్న అంచనాలు చెడిపోవడం రెండో నష్టం. పంట రుణాలు ఇచ్చే మనకు, పంట వేసే మన ఊళ్లోని అన్నదమ్ములకు, రెండోది చిన్నదేం కాదు.

ఇక నేరుగా చూస్తే, గోధుమలు, కూరగాయలు పండే పంజాబ్, హర్యానా నీళ్లలో మంచు వాటా ఉంది. సింధు నదిలో ఏడాది ప్రవాహంలో సుమారు 40 శాతం మంచు నీరే. గంగలో సుమారు 10 శాతం. పది శాతమేగా అనుకోకండి, అది వచ్చేది నడి ఎండాకాలంలో. నెలాఖరున వచ్చే పది రూపాయల విలువ ఇంటిని నడిపే అక్కలకు నేను చెప్పక్కర్లేదు. సాక్చీ బజారులో మనం కొనే ఆపిల్ ధరలోనూ, రొట్టె పిండి ధరలోనూ ఆ కొండల మంచు ఉంటుంది.

మన ఊరికీ కొండలకీ

జంషెడ్‌పూర్‌కు కొండలు కొత్త కాదు. 1984 మే 23న ఎవరెస్ట్ ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రి పాల్ ఆ తర్వాత ఈ ఊరినే తన ఊరు చేసుకుని ఎందరికో పర్వతారోహణ నేర్పారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న మన ఊరి గృహిణి ప్రేమలతా అగ్రవాల్ 48 ఏళ్ల వయసులో, 2011లో ఎవరెస్ట్ ఎక్కారు. మన తెలుగువాడు, నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు నదికి అవతల ఆదిత్యపూర్‌లోని ఇంజినీరింగ్ కళాశాలలోనే చదువుకున్నాడు. ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయాడు. అతను ఎక్కిన ఏడింటిలో ఆఫ్రికాలోని కిలిమంజారో ఒకటి. 1912 నాటితో పోలిస్తే ఆ కొండ మీది మంచుగడ్డలో 2007 నాటికే 85 శాతం పోయింది. మన పిల్లలు రేపు ఆ శిఖరాలు ఎక్కితే వాళ్లు చూసేది మస్తాన్‌బాబు చూసిన కొండ కాదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఉక్కు మన అన్నం. మా తాత, మా నాన్న, ఈ గదిలో సగం మంది తాతలు, నాన్నలు ఆ కొలిమి వేడిలోనే మనల్ని చదివించారు. బొగ్గుతో ఉక్కు చేసే పరిశ్రమ నుంచే ప్రపంచంలోని కార్బన్ ఉద్గారాల్లో సుమారు 7 శాతం వస్తున్నాయి. దానికి మనం సిగ్గుపడాలని నేను అనడం లేదు. ఆ పార లేకపోతే ఆ రైతు తోట కూడా లేదు. కానీ లెక్క రాసేటప్పుడు ఖర్చు వైపు ఉన్నది కూడా రాయాలి. అది మన వృత్తి ధర్మం.

అప్పు ఇరవై ఏళ్లకు, లెక్క మూడేళ్లకు

2023 అక్టోబరు 4 తెల్లవారుజామున సిక్కింలో, హిమానీనదం కరిగి పెరిగిన దక్షిణ లోనాక్ సరస్సు గట్టు తెంచుకుంది. తీస్తా నది మీద 1,200 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్ట కొట్టుకుపోయింది. ఎన్నో ఇళ్లు, ఎన్నో ప్రాణాలు పోయాయి. అలాంటి ప్రాజెక్టులు బ్యాంకుల అప్పు లేకుండా లేవవు. ఆ అప్పులు పదిహేను, ఇరవై ఏళ్లవి. రిజర్వు బ్యాంకు 2022 జులైలో వాతావరణ ముప్పు గురించి ఒక చర్చా పత్రం విడుదల చేసి, బ్యాంకులు తమ రుణాల్లో ఈ ముప్పును కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది అందుకే.

మనం అప్పు ఇచ్చేది ఇరవై ఏళ్లకు. చూసే లెక్క మూడేళ్లది. ఈ తేడాలోనే నా తప్పు ఉంది. నేను నా కింద పనిచేసే కుర్ర ఆఫీసర్లకు ఇప్పుడు ఒక్కటే చెప్తాను. పొలం చూడటానికి వెళ్లినప్పుడు, "ఇరవై ఏళ్ల కింద ఇక్కడ నీళ్లు ఎలా ఉండేవి? వాన ఎప్పుడొచ్చేది?" అని ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది నోటులో రాయండి. దానికి ఫారంలో గడి లేకపోతే మార్జిన్‌లో రాయండి.

మళ్లీ ఆ తోటకు

2019లో ఎల్‌టీసీ మీద పిల్లలను తీసుకుని హిమాచల్ వెళ్లాను. దారి మార్చుకుని ఆయన ఇంటికి వెళ్లాం. గుర్తుపట్టారు. కింది తోటలో ఆపిల్ చెట్లు లేవు, దానిమ్మ వేశారు. పైచెక్కలో ఆపిల్ మొక్కలు ఉన్నాయి. కొడుకు వేరేచోట అప్పు చేసి వేశాడట. ఇంకా కాపుకి రాలేదు. నేను ఏదో చెప్పబోయాను. ఆయన ఆపారు. కోప్పడలేదు. "అప్పుడే వేసుంటే ఈపాటికి కాయ చూసేవాణ్ణి" అన్నారంతే. డెబ్బై దగ్గర పడుతున్న మనిషికి ఆపిల్ మొక్క విషయంలో నాలుగైదేళ్లంటే ఎంతో నేను ఏ ఫార్ములాతో లెక్కవేయను?

బహీ చూపించమని అడిగాను. ఈసారి మొదటి పేజీ నుంచి చదివాను. ఆయన మనవరాలు పక్కన కూర్చుని పాత అక్షరాలు విప్పి చెప్పింది. చివరి పేజీల్లో రాత మారింది. ఇప్పుడు ఆ తేదీలు రాస్తున్నది ఆ పిల్లే.

అందుకే చెట్లు నాటండి, ఏసీ తగ్గించండి అని చెప్పడానికి ముందు పిల్లల్ని ఒకటి అడుగుతున్నాను. అవి కూడా చేయండి, మంచిదే. కానీ ఒక నోటు పుస్తకం పెట్టండి. మన ఊళ్లో మంచు లేదు కాబట్టి మన తేదీలు మనవి. మీ క్వార్టర్ ముందు మామిడి పూత ఎప్పుడు కనిపించింది? రుతుపవనాల మొదటి వాన ఏ రోజు పడింది? దల్మా కొండ మీద ఆకులు ఎప్పుడు రాలాయి? సువర్ణరేఖ ఎప్పుడు ఎర్రగా పొంగింది? ఏటా నాలుగు తేదీలు చాలు. మూడేళ్లకు అదేమీ చెప్పదు. ముప్పై ఏళ్లకు చెప్తుంది. అప్పుడు మీలో ఎవరో ఒకరు ఆ పుస్తకం పట్టుకుని ఏ ఆఫీసుకో వెళ్తారు. బల్లకి అటువైపు కూర్చున్నవాడు దాన్ని తెరిచి చదివేవాడు కావాలని కోరుకుంటున్నాను.

మొన్న మే 24నే రుతుపవనాలు కేరళను తాకాయి, మామూలు కంటే ఎనిమిది రోజుల ముందు. మన దగ్గరికి ఇంకా రాలేదు. వచ్చిన రోజు తేదీతో మీ పుస్తకం మొదలుపెట్టవచ్చు.

సమోసాలు ఇంకా వేడిగానే ఉన్నాయట.